ఒకే ట్రాన్స్‌క్రిప్టు, రెండు లెక్కలు

కాలిఫోర్నియా హైస్కూల్లో పదో తరగతి ఇంగ్లీషు, రెండో సెమిస్టరు: డి. ట్రాన్స్‌క్రిప్టులో, అంటే హైస్కూలు నాలుగేళ్ల గ్రేడుల పట్టికలో, ఇది ఒక్క అక్షరం. స్కూలు దీన్ని పాస్ కిందే కట్టి 5 క్రెడిట్లు వేస్తుంది. మిగతావన్నీ సరిగ్గా ఉంటే ఆ పిల్ల నాలుగో ఏడు చివర గౌను తొడుక్కుని, టోపీ పెట్టుకుని, అందరితో పాటు వేదికెక్కి డిప్లొమా అందుకుంటుంది. అమ్మమ్మా తాతయ్యా హైదరాబాద్ నుంచి వచ్చి ఫొటోలు దిగుతారు. అయితే ఆ ఒక్క అక్షరాన్ని సరిచేసుకోకపోతే ఆ పిల్లకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ)లో ఉన్న తొమ్మిది అండర్‌గ్రాడ్యుయేట్ క్యాంపస్‌లలో ఒక్కదానికి కూడా కనీస అర్హత ఉండదు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (సీఎస్‌యూ) క్యాంపస్‌లదీ అదే నియమం. డిప్లొమా నిజమైనదే, చదువూ పూర్తయినట్టే. అర్హత లెక్క మాత్రం వేరు.

ఇంటర్ పాసవడం వేరు, సీటు రావడం వేరు అన్న సంగతి తెలుగు తల్లిదండ్రులకు ఒకరు చెప్పనక్కర్లేదు. నూటికి 35 వస్తే ఇంటర్ గట్టెక్కినట్టే. ఇంజనీరింగ్ సీటుకు మాత్రం ఈఏపీసెట్టో (పాత ఎంసెట్) జేఈఈయో రాయాలి, ర్యాంకు తెచ్చుకోవాలి. పరీక్షలు వేరు, చేతికొచ్చే కాగితాలూ వేరు కాబట్టి ఏది దేనికన్న అయోమయం ఉండదు. కాలిఫోర్నియాలో ఆ రెండో పరీక్ష లేదు. శాట్, ఏసీటీ ప్రవేశపరీక్షల మార్కులను అడ్మిషన్ కోసం చూడటం యూసీ 2021 నుంచి పూర్తిగా మానేసింది. 2022లో సీఎస్‌యూ కూడా అదే దారి పట్టింది. అంటే పాసయ్యే లెక్కా, సీటు లెక్కా రెండూ ఒకే ట్రాన్స్‌క్రిప్టులోంచే తీస్తారు. తొమ్మిదో తరగతి మొదటి రోజు నుంచి ప్రతి కోర్సూ రెండు ఖాతాల్లో పడుతూ ఉంటుంది. ఒక ఖాతా గురించి స్కూలు అడక్కుండానే చెబుతుంది. రెండో ఖాతాను ఇంట్లోవాళ్లు అడిగి తెలుసుకోవాలి. ఫ్రీమాంట్‌లోనో శాన్ రామోన్‌లోనో మంచి స్కూలు కోసమని ఇల్లు కొనుక్కున్న కుటుంబాలు కూడా ఈ రెండో ఖాతా దగ్గర పొరపాటు పడుతుంటాయి.

ముందు డిప్లొమా సంగతి. రాష్ట్ర చట్టం కోరే కనీసం చాలా తక్కువ. ఇంగ్లీషు మూడేళ్లు, గణితం రెండేళ్లు, సైన్సు రెండేళ్లు, చరిత్ర, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం కలిపి మూడేళ్లు, వ్యాయామం రెండేళ్లు, కళలు, పరభాష, వృత్తివిద్యల్లో ఏదో ఒకటి ఒక ఏడాది. మొత్తం 13 ఏడాది కోర్సులు. దీని మీద ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ (ఆ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) తన వంతు కలుపుకుంటుంది. సెమిస్టరు కోర్సుకు 5 క్రెడిట్ల చొప్పున చాలా డిస్ట్రిక్టులు 220 అటూ ఇటూ అడుగుతాయి, లాస్ ఏంజిలెస్ 210 అడుగుతుంది. గ్రాడ్యుయేషన్‌కు ఎగ్జిట్ పరీక్ష 2006 బ్యాచ్ నుంచి కొన్నాళ్లు నడిచింది, 2015లో దాన్ని నిలిపేశారు. 2030–31లో బయటికొచ్చే బ్యాచ్ నుంచి పర్సనల్ ఫైనాన్స్ మీద ఒక సెమిస్టరు తప్పనిసరి కాబోతోంది. 2027లో తొమ్మిదిలోకి అడుగు పెట్టే పిల్లలున్న ఇళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

రెండో లెక్క పేరు ‘ఏ–జీ’. ఏడు విభాగాలు, ఏడు అక్షరాలు (ఇవి విభాగాల పేర్లు, గ్రేడులు కావు). ‘ఏ’ చరిత్ర, రెండేళ్లు. ‘బి’ ఇంగ్లీషు, నాలుగేళ్లు. ‘సి’ గణితం, మూడేళ్లు (నాలుగైతే మంచిదని యూసీయే చెబుతుంది). ‘డి’ ప్రయోగశాల సైన్సు, రెండేళ్లు, మూడైతే మేలు. ‘ఈ’ ఇంగ్లీషు కాక మరో భాష, రెండేళ్లు. ‘ఎఫ్’ కళలు, ఏడాది. ‘జీ’ ఐచ్ఛికం, పై విభాగాల్లోంచి గానీ ‘జీ’ కింద ఆమోదించిన కోర్సు గానీ అదనంగా మరో ఏడాది. మొత్తం 15 కోర్సులు. వాటిలో 11 పదకొండో తరగతి పూర్తయ్యేసరికే అయిపోయి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైంది, ప్రతి సెమిస్టరులోనూ సి గ్రేడు గానీ అంతకు పైన గానీ రావాలి. వీటన్నిటి మీద సగటు యూసీకి కనీసం 3.0, సీఎస్‌యూకి 2.5 ఉండాలి. ఇది రాష్ట్రంలో నివసించే పిల్లల లెక్క. బయటి రాష్ట్రాలవాళ్లకు యూసీ అడిగేది 3.4.

రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రాష్ట్రం వ్యాయామం రెండేళ్లు అడుగుతుంది, యూసీ దాన్ని లెక్కలోకే తీసుకోదు. యూసీ పరభాష రెండేళ్లు అడుగుతుంది, రాష్ట్రం కోసమైతే ఒక్క రోజు కూడా చదవకుండా గడిచిపోవచ్చు. పదో తరగతితో గణితం వదిలేసిన పిల్లవాడు కూడా రాష్ట్ర చట్టం ప్రకారం డిప్లొమాకు అర్హుడే. కాబట్టే ఏటా డిప్లొమా తీసుకునే పిల్లల్లో ఇంచుమించు సగం మందే ఏ–జీ పూర్తి చేసి బయటికొస్తున్నారు. మిగతా సగంలో కాలేజీ వద్దనుకున్నవాళ్లు ఉంటారు, కాదనలేం. కావాలనుకుని కూడా ఈ రెండో లెక్క తెలియక జారిపోయినవాళ్లు ఎందరో.

ఈ తేడాను చెరిపేయాలని కొన్ని డిస్ట్రిక్టులు గట్టిగానే ప్రయత్నించాయి. లాస్ ఏంజిలెస్ యూనిఫైడ్ అనే డిస్ట్రిక్టు 2005లో ఒక తీర్మానం చేసింది. ఏ–జీ కోర్సులనే గ్రాడ్యుయేషన్ నిబంధనగా పెడతామని, కొన్నేళ్లకు అందులో సి రాకపోతే డిప్లొమా ఇవ్వబోమని దాని సారాంశం. ఉద్దేశం గొప్పది. పేదపిల్లలున్న స్కూళ్లలో కాలేజీ స్థాయి కోర్సులే పెట్టని రోజులవి, అందరికీ ఒకటే బాట వెయ్యాలన్నది తల్లిదండ్రుల ఉద్యమం. తీరా గడువు దగ్గరపడేసరికి వేలాది మంది పిల్లలు డిప్లొమా లేకుండా మిగిలిపోయేలా కనిపించారు. 2015లో బోర్డు వెనక్కి తగ్గింది. కోర్సులు ఏ–జీవే ఉంచి, డి వచ్చినా డిప్లొమాకు సరిపోతుందంది. శాన్ ఫ్రాన్సిస్కోలోనూ ఏర్పాటు ఇదే. ఆ నిర్ణయాన్ని తప్పు పట్టడం కష్టం. డిప్లొమా లేని పిల్లకు ఉద్యోగాల దగ్గర తలుపులు ఇంకా గట్టిగా మూసుకుంటాయి. కానీ దాని వల్ల తికమక మరింత లోతుకు దిగింది. ఇప్పుడు కోర్సుల పేర్లు రెండు లెక్కల్లోనూ ఒకటే, తేడా అంతా సికీ డికీ మధ్య ఉన్న ఒక్క మెట్టులో ఉంది. “మా స్కూల్లో అందరూ ఏ–జీ చదువుతారు” అన్న మాట నిజమే అయినా, ఆ మాటకు అందరికీ అర్హత ఉందని అర్థం కాదు.

డి వచ్చినంత మాత్రాన కథ ముగిసిపోదు. ఇక్కడ నియమాలు కాస్త దయగానే ఉన్నాయి, కాకపోతే విభాగాన్ని బట్టి మారతాయి. గణితంలోనూ పరభాషలోనూ పై మెట్టు కింది మెట్టును కాపాడుతుంది. ఆల్జీబ్రా 1లో డి వచ్చినా ఆల్జీబ్రా 2లో సి వస్తే మొదటిది తీరినట్టే. స్పానిష్ రెండో ఏడు బాగా చదివితే మొదటి ఏడు తప్పు మాఫీ. ఇంగ్లీషుకు ఆ సౌకర్యం లేదు. పదకొండులో ‘ఏ’ గ్రేడు వచ్చినా పదో తరగతి డి అలాగే ఉంటుంది. దాన్ని వేసవిలో మళ్లీ చదవాలి, లేదా కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో) సరిపోయే కోర్సు చెయ్యాలి. యూనివర్సిటీకి బదిలీ అయ్యేటప్పుడు పనికొచ్చే మూడు యూనిట్ల కాలేజీ కోర్సు ఒకటి హైస్కూల్లో ఏడాది కోర్సుతో సమానం. డి, ఎఫ్ వచ్చినవి మళ్లీ చదివితే యూసీ కొత్త గ్రేడునే సగటులోకి తీసుకుంటుంది. సి వచ్చినదాన్ని బి చేసుకోవాలని మళ్లీ చదివితే మాత్రం ఆ కొత్త గ్రేడును లెక్కపెట్టదు. ఈ తేడా తెలియక సి ఉన్న కోర్సు మీద వేసవంతా ఖర్చుపెట్టి, డి ఉన్నదాన్ని వదిలేయడం కంటే బాధాకరమైన పొరపాటు ఉండదు.

విజయవాడ నుంచో వరంగల్ నుంచో తొమ్మిదిలోనో పదిలోనో వచ్చి చేరిన పిల్లల పరిస్థితి ఇంకా సున్నితం. గణితంలో వాళ్లు చాలాసార్లు క్లాసు కంటే ముందుంటారు, ఇంట్లో ధైర్యమూ దాంతోనే. కానీ స్కూలు పరీక్ష పెట్టి ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థుల తరగతిలో వేస్తే, ఆ తరహా కోర్సుల్లో ఒక్క ఏడాదిని మించి యూసీ ఇంగ్లీషు లెక్కలో కలుపుకోదు. నాలుగేళ్ల ఇంగ్లీషు కావాల్సిన చోట రెండేళ్లు ఆ తరగతిలోనే గడిస్తే, మిగిలిన ఏళ్లలో ఒకేసారి రెండు ఇంగ్లీషు కోర్సులు చదవాల్సి రావచ్చు. చేరిన మొదటి వారంలోనే కౌన్సెలర్‌ని (కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే స్కూలు ఉద్యోగిని) అడగాల్సిన విషయమిది. పన్నెండో తరగతిలో అడిగితే జవాబు ఉంటుంది, సమయం ఉండదు.

మన భాష సంగతి కూడా చెప్పుకోవాలి. ‘ఈ’ విభాగానికి స్పానిష్, ఫ్రెంచ్, మాండరిన్‌లే కావాలని ఎక్కడా లేదు. తెలుగు కూడా పరభాషే. సిలికానాంధ్ర మనబడిలో వారాంతాల్లో నేర్చుకున్న తెలుగుకు కొన్ని డిస్ట్రిక్టులు క్రెడిట్లు ఇస్తున్నాయి. అన్నీ కాదు కాబట్టి ముందే రాతపూర్వకంగా కనుక్కోవడం మంచిది. రెండు భాషల్లో పట్టు చూపినవాళ్ల డిప్లొమా మీద రాష్ట్రం వేసే ప్రత్యేక ముద్ర కూడా ఒకటుంది. 2011లో చట్టం చేసి దేశంలో మొదట దాన్ని తెచ్చింది కాలిఫోర్నియానే. ఇంట్లో మాట్లాడే భాషకు బడిలో విలువ దక్కడం పిల్లల మనసు మీద చేసే మేలును ఏ గ్రేడుతోనూ కొలవలేం. కూచిపూడి విషయం వేరు. ఎనిమిదేళ్లు నేర్చుకుని అరంగేట్రం చేసినా అది ‘ఎఫ్’ కింద లెక్కలోకి రాదు. యూసీ ఆమోదించిన కోర్సుగా స్కూలు జాబితాలో ఉన్నదే పనికొస్తుంది. బయట గురువు దగ్గర నేర్చుకున్నది దరఖాస్తులో కార్యకలాపాల భాగంలోకి వెళుతుంది. అక్కడ దాని బరువు దానికుంది, కానీ స్కూల్లో ఒక ఏడాది కళల కోర్సు మాత్రం తప్పదు.

ఇక సగటు. యూసీ లెక్కించే సగటులో తొమ్మిదో తరగతి గ్రేడులు ఉండవు. తొమ్మిది అయ్యాక వచ్చే వేసవి నుంచి పదకొండు అయ్యాక వచ్చే వేసవి దాకా ఏ–జీ కోర్సుల్లో వచ్చినవే లెక్క. తొమ్మిదిలో చదివినవి అర్హతకు పనికొస్తాయి, దరఖాస్తు చదివేవాళ్లకు కనిపిస్తాయి, సగటుకు మాత్రం రావు. ప్లస్సులు, మైనస్సులు లేవు, బి మైనస్ కూడా బియే. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) వంటి కష్టమైన కోర్సులకు ఒక్కో పాయింటు అదనం. అది కూడా మొత్తం ఎనిమిది సెమిస్టర్లకే, అందులో పదో తరగతివి నాలుగుకు మించకూడదు. ఎనిమిది సెమిస్టర్లంటే నాలుగు ఏడాది కోర్సులు. ఆపైన ఎన్ని ఏపీలు చదివినా ఆ సగటుకు అదనపు పాయింట్లు రావు. కోర్సులు ఎంత కష్టమైనవో కూడా చూస్తారు, నిజమే. కానీ పన్నెండు, పదమూడు ఏపీలు పెట్టించి, నిద్ర లేకుండా చేసి, అందులో రెండు సిలు తెప్పించడానికి ఈ లెక్కలో ఏ ఆధారమూ లేదు. పక్కింటి పిల్ల ఎన్ని తీసుకుందన్న పోటీ కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో పుట్టింది, యూసీ నియమాల్లో లేదు.

అర్హత ఉండటం, సిద్ధంగా ఉండటం కూడా ఒకటి కాదని ఈమధ్య బయటపడింది. యూసీ శాన్ డియేగో అధ్యాపకులు, పాలనాధికారుల బృందం 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం, హైస్కూలు స్థాయి గణితం కూడా రాని కొత్త విద్యార్థుల సంఖ్య అక్కడ 2020 నుంచి దాదాపు 30 రెట్లు పెరిగింది. వాళ్లలో కొందరి ట్రాన్స్‌క్రిప్టుల్లో గణితానికి వరుసగా ‘ఏ’ గ్రేడులే ఉన్నాయి. కరోనా కాలపు ఆన్‌లైన్ చదువు, ఉదారంగా పడిన గ్రేడులు, ప్రవేశపరీక్ష లేకపోవడం, అన్నీ కలిసి ఈ పరిస్థితి తెచ్చాయి. ఆల్జీబ్రా 2కి బదులుగా తేలికైన డేటా సైన్స్ కోర్సులను ఒప్పుకోవడం యూసీ 2023లో ఆపేసిందంటే కారణం ఈ తరహా ఆందోళనే. ఇందులో పిల్లల తప్పు తక్కువ. ‘ఏ’ గ్రేడు ఇచ్చి చదువు మాత్రం ఇవ్వని తరగతి వాళ్లకు చేసిన అన్యాయం. ట్రాన్స్‌క్రిప్టులో అక్షరం చూసి సంతోషపడే ముందు, పదో తరగతి పిల్లను కూర్చోబెట్టి భిన్నాలతో ఒక సమీకరణం సాధించమని అడిగి చూస్తే అసలు సంగతి పది నిమిషాల్లో తెలుస్తుంది. మన దగ్గర చదువుకుని వచ్చిన తల్లిదండ్రులకు చేతనైన పనే ఇది.

దరఖాస్తు దగ్గరికి వస్తే, యూసీ పద్ధతి మిగతా అమెరికా కాలేజీల కంటే భిన్నం. ఆగస్టు 1న తెరుచుకుంటుంది, అక్టోబరు 1 నుంచి నవంబరు నెలాఖరు దాకా పంపొచ్చు. ఒకే దరఖాస్తుతో ఎన్ని క్యాంపస్‌లకైనా పెట్టుకోవచ్చు, క్యాంపస్‌కు ఇంతని రుసుము. మామూలుగా టీచర్ల సిఫార్సు లేఖలు అడగరు. ట్రాన్స్‌క్రిప్టు కూడా మొదట పంపనక్కర్లేదు, గ్రేడులు విద్యార్థే ఎక్కించాలి. సీటు ఖాయమయ్యాక అసలు ట్రాన్స్‌క్రిప్టుతో సరిచూస్తారు, ఒక్క డి దాచినా సీటు పోవచ్చు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి ఒక్కోదానికి 350 మాటలకు మించకుండా జవాబు రాయాలి. ఇక్కడ గొప్ప ఇంగ్లీషు కంటే నిజమైన వివరం పనిచేస్తుంది. తమ్ముడిని బడి నుంచి రోజూ తీసుకొచ్చి, అమ్మ పని నుంచి వచ్చేదాకా చూసుకున్న సంగతి, డబ్బిచ్చి వెళ్లిన వేసవి క్యాంపు కంటే చదివేవాళ్లకు ఎక్కువ చెబుతుంది. తెలుగు పిల్లలు మొదటిది చెప్పుకోవడానికి సిగ్గుపడతారు.

అర్హతకూ ఎంపికకూ మధ్య దూరం ఎంతో కూడా ముందే తెలియాలి. యూసీఎల్‌ఏకి (యూసీ లాస్ ఏంజిలెస్ క్యాంపస్‌కు) ఒక్క ఏడాదిలో వచ్చే ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) దరఖాస్తులు లక్షా నలభై వేలు దాటాయి, సీటిచ్చేది నూటికి పదిలోపే. కంప్యూటర్ సైన్స్ అయితే మరీ తక్కువ. మరోవైపు రాష్ట్రంలో పై తొమ్మిది శాతంలో ఉన్న పిల్లలకు కోరిన క్యాంపస్ రాకపోయినా ఖాళీ ఉన్న మరో క్యాంపస్‌లో చోటిస్తామని యూసీ చెబుతుంది. సీటు వచ్చాక కూడా అది షరతుల మీదే ఉంటుంది. పన్నెండో తరగతి రెండో సెమిస్టరులో చదువు వదిలేసి డి తెచ్చుకుంటే, ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు క్యాంపస్‌కు ఉంది. ఆ డి డిప్లొమాకు అడ్డు కాదు. మొదటి నుంచి ఉన్న తేడా చివరి నెలలోనూ అలాగే ఉంటుంది.

డబ్బు గురించి ఒక్క మాట. కాలిఫోర్నియా స్కూళ్లు పన్నెండో తరగతి పిల్లలందరి చేతా ఆర్థిక సాయం దరఖాస్తు నింపించాలి, లేదా వద్దని సంతకం చేయించుకోవాలి. హెచ్–4 వీసా (హెచ్–1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదు. గ్రీన్ కార్డు క్యూలో ఉండగానే 21 నిండే పిల్లలకైతే వీసా మార్పు కూడా మీద పడుతుంది. కాలేజీ ఖర్చు లెక్కలో ఆ ఇళ్లు దీన్ని పదో తరగతిలోనే కలుపుకోవాలి.

అర్హత చేజారినవాళ్లకు ఒక దారి ఉంది. తెలుగు ఇళ్లలో దాని పేరెత్తితే మొహాలు చిన్నబోతాయి, అందుకే దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 1960లో కాలిఫోర్నియా ఒక మాస్టర్ ప్లాన్ వేసుకుంది. పై ఎనిమిదో వంతు పిల్లలకు యూసీ, పై మూడో వంతుకు స్టేట్ యూనివర్సిటీ, మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీ, అక్కడ బాగా చదివితే మళ్లీ యూనివర్సిటీకి బదిలీ. ఈ చివరి మాటే ఆ ప్లాన్‌కు ప్రాణం. హైస్కూలు డిప్లొమా ఉంటే చాలు, ఏ–జీతో పని లేకుండా కమ్యూనిటీ కాలేజీలో చేరొచ్చు. రాష్ట్రవాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. మొదటిసారి పూర్తికాలం చేరేవాళ్లకు చాలా కాలేజీల్లో రెండేళ్లు ఆ రుసుమూ మాఫీ. ఫ్రీమాంట్‌లో ఓలోనీ, కూపర్టినోలో డి ఆంజా, ప్లెజంట్ హిల్‌లో డయాబ్లో వ్యాలీ, ఇవన్నీ ఏటా పిల్లల్ని యూసీకి పంపే కాలేజీలే. నిర్ణీత కోర్సులు, సగటు తెచ్చుకుంటే డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు ముందుగానే బదిలీ సీటుకు హామీ ఇస్తాయి. కొన్ని మేజర్లకు (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టులకు) అది వర్తించదు. పదో తరగతిలో వచ్చిన ఆ డిని అప్పుడు ఎవరూ అడగరు. చివరికి వచ్చే డిగ్రీ మీద యూసీ పేరే ఉంటుంది.

స్కూలే అన్నీ చూసుకుంటుందన్న నమ్మకం దగ్గరే ఇబ్బందంతా. కాలిఫోర్నియాలో ఒక్కో కౌన్సెలర్ సగటున 400 మందికి పైగా పిల్లల్ని చూడాలి. కౌన్సెలర్ల జాతీయ సంఘం చెప్పే సంఖ్య 250. ఏడాదికి ఒక పిల్లకు దక్కే సమయం ఒకటి రెండు చిన్న సమావేశాలే. ఆ కాస్త సమయంలో కౌన్సెలర్ ముందు చూసేది డిప్లొమాకు క్రెడిట్లు సరిపోయాయా లేదా అన్నది, అది ఆమె ఉద్యోగ ధర్మం. ప్రతి హైస్కూలు ఆమోదిత ఏ–జీ కోర్సుల జాబితాను యూసీ తన వెబ్‌సైటులో పెట్టింది. స్కూలు పేరు కొడితే చాలు, ఏ కోర్సు ఏ అక్షరం కిందికి వస్తుందో, దేనికి అదనపు పాయింటు ఉందో కనిపిస్తుంది. సైన్సు పేరు పెట్టుకున్న కోర్సు ‘డి’ విభాగం కింద కాక ‘జీ’ కింద ఉన్న సందర్భాలు అందులోనే బయటపడతాయి. వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకునే కాగితం సాధారణంగా జనవరి, మార్చి మధ్య ఇంటికొస్తుంది. కింద తల్లిదండ్రుల సంతకానికి ఒక గీత ఉంటుంది. ఆ గీత మీద పెన్ను పెట్టే ముందు ఆ జాబితానూ ఈ కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో కోర్సు ఎదుట దాని అక్షరం పెన్సిలుతో రాసుకోవడానికి అరగంట చాలు.